బోల్టన్ వీధుల్లో తలుపులకు తాళాలు ఎందుకు ఉండేవి కావు

ఉత్తర ఇంగ్లండ్‌లోని నూలు మిల్లుల పట్టణాల్లో పుట్టి పెరిగిన వృద్ధులను తమ చిన్ననాటి వీధి గురించి అడిగితే, ఏ పట్టణమైనా సరే, మూడు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. మా వీధిలో తలుపులకు ఎవరూ తాళం వేసేవారు కాదు. మా అమ్మ వీధిగుమ్మం మెట్టును రాతితో రుద్ది తళతళలాడేలా ఉంచేది. మేము బీదవాళ్ళమే గాని, బీదవాళ్ళమని మాకు తెలియదు. తాతల నుంచి మనుమలకూ, వారి నుంచి కుటుంబ చరిత్రలు రాసుకునేవారికీ ఈ మూడు మాటలూ ఇంచుమించు అవే పదాలతో అందుతూ వచ్చాయి. ఇన్ని వేల ఇళ్ళు ఒకే మాట చెబుతున్నాయంటే అది నిజమై తీరాలని కొందరంటారు. ఇన్ని ఇళ్ళు ఒకే మాట చెబుతున్నందుకే దాన్ని అనుమానించాలని మరికొందరంటారు. తాళం వేయకపోవడానికి కారణం మంచితనం కాదు, ఎత్తుకుపోవడానికి ఇంట్లో ఏమీ లేకపోవడమేనని ఆ వీధులవాళ్ళే నవ్వుతూ చెప్పుకునే మాట కూడా ఒకటి ఉంది.

ఈ వాదం తేలాలంటే మూడు మాటలనూ విడివిడిగా నిజమా అబద్ధమా అని తూచడం మానేసి, అవి ఏ ఏర్పాటులోని భాగాలో చూడాలి. అందుకు ఒక పట్టణాన్ని దగ్గరగా చూడటం మేలు. మాంచెస్టర్‌కు వాయవ్యంగా పదిపన్నెండు మైళ్ళ దూరంలో ఉన్న బోల్టన్ 1974 దాకా లాంకషైర్ జిల్లాలో భాగం. నూలు వడకడంలో పెద్ద మార్పు తెచ్చిన ‘మ్యూల్’ యంత్రాన్ని శామ్యూల్ క్రాంప్టన్ 1779లో తయారుచేసింది ఈ ఊళ్ళోనే. ఈజిప్టు పత్తితో సన్నని నూలు తీయడంలో ఇక్కడి మిల్లులకు పేరుండేది. 1931 నాటికి జనాభా సుమారు 1,77,000. దానిలో చాలా భాగం మిల్లుల చుట్టూ వరుసలుగా కట్టిన, ఒకదానికొకటి అంటుకున్న ఇటుక ఇళ్ళలో ఉండేది.

ఆ ఇంటి కట్టడిని ముందుగా అర్థం చేసుకోవాలి. కింద రెండు గదులు, పైన రెండు గదులు, వెనక రాళ్ళు పరచిన చిన్న పెరడు, పెరటి మూల మరుగుదొడ్డి, బొగ్గు పోసుకునే గూడు, ఆ పెరటి తలుపు తీస్తే సన్నని వెనక సందు. అంతకుముందు వెనక గోడ కూడా వెనక ఇంటితో కలిసిపోయి, గాలి ఆడే దారి లేని ఇళ్ళు కట్టేవారు. 1875 నాటి ప్రజారోగ్య చట్టం తరువాత పురపాలక సంఘాలు నిబంధనలు రాసుకుని వీధి వెడల్పును 36 అడుగులుగా నిర్ణయించి, ఇంటి వెనక ఖాళీ స్థలం తప్పనిసరి చేశాయి. జ్ఞాపకాల్లో కనిపించే తిన్నని వీధులూ, వెనక సందులూ చాలావరకు ఆ నిబంధనల నుంచి పుట్టినవే. ముందువైపు మాత్రం అరుగు లేదు, వసారా లేదు. తలుపు తీస్తే కాలు నేరుగా వీధిలో పడుతుంది. ఇంటికీ వీధికీ మధ్య ఉన్నది ఒక్క రాతి మెట్టు. ఇల్లాలికి సొంతమైనదీ, వీధి అంతటికీ కనిపించేదీ అదొక్కటే.

ఆ మెట్టును రుద్దే రాతిని డాంకీ స్టోన్ అనేవారు. గాడిదతో దానికి ఉన్న సంబంధమల్లా ఒక తయారీదారు దానిపై ముద్రించిన గుర్తు. రాతిపొడి, సిమెంటు, బ్లీచింగ్ పొడి నీళ్ళతో కలిపి ముద్దచేసి, అచ్చు కొట్టి ఆరబెడితే సబ్బుబిళ్ళలాంటి రాయి తయారవుతుంది. మొదట్లో దాన్ని మిల్లుల్లో నూనె మరకలతో జారే రాతి మెట్లను గరుకుగా ఉంచడానికి వాడేవారు. అక్కడి నుంచి ఇళ్ళకు వచ్చింది. దానికి డబ్బు పెట్టనక్కరలేదు. పాత గుడ్డలు కొనే బండివాడికి చినిగిన బట్టలిస్తే తెలుపో, మీగడ రంగో, గోధుమ రంగో ఒక బిళ్ళ చేతిలో పెట్టేవాడు. ఇల్లాలు మోకాళ్ళ మీద కూర్చుని, మెట్టును తడిపి, బ్రష్షుతో తోమి, తడి ఆరకముందే అంచు వెంట ఈ రాయితో గీస్తూ రుద్దేది. ఆరిన తరువాత అంచు తెల్లగా తేలేది. కొందరు మెట్టుతో ఆగక, తమ గుమ్మం ఎదుట ఉన్న వీధి రాళ్ళను కూడా తోమేవారు. మిల్లు పొగగొట్టాల మసి మరుసటి ఉదయానికల్లా ఆ తెలుపును మింగేసేది.

ఇది చదివే తెలుగువారికి గడపకు పసుపు రాయడం, వాకిట్లో ముగ్గు పెట్టడం గుర్తుకు రాకమానదు. పోలిక కొంతవరకే చెల్లుతుంది. మన గడపకు లక్ష్మీదేవి రావాలి. బోల్టన్ మెట్టు మీదికి వచ్చేవాళ్ళు వారం వారం అద్దె వసూలు చేసే గుమాస్తా, బీమా డబ్బుకు వచ్చే ఏజెంటు, ఎదురింటి ఆవిడ. ఆ మెట్టును చూసి వాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చేవారు. ఈ ఇంట్లో ఇంకా పట్టు తప్పలేదు, ఈవిడకు ఇస్తే తిరిగి వస్తుంది అన్నదే ఆ నిర్ణయం.

ఇక్కడే అసలు సంగతి మొదలవుతుంది. మిల్లు కూలీ వారానికొకసారి చేతికొచ్చేది. గురువారానికి ఇల్లు ఖాళీ. రోజుల మధ్య ఉన్న ఆ గొయ్యిని పూడ్చడానికి బ్యాంకులు లేవు. ఉన్నా ఈ వీధివాళ్ళకు వాటి గుమ్మం ఎక్కే పని లేదు. మూలమీది కొట్టువాడు పద్దు పుస్తకంలో రాసుకుని టీపొడి, రొట్టె, పంచదార అరువిచ్చేవాడు. పక్కింటి నుంచి కప్పుడు పంచదార, రెండు బొగ్గు గడ్డలు, గ్యాస్ మీటరులో వేయడానికి ఒక పెన్నీ చేబదులుగా వచ్చేవి. వీటిలో దేనికీ కాగితం లేదు, హామీ లేదు. ఇచ్చేవాడికి ఉన్న ఆధారం తీసుకునేవాళ్ళ గురించి వీధికి తెలిసినదే. తెలుగులో పరపతి అనే మాటకు అప్పు పుట్టే శక్తి అనీ, నలుగురిలో ఉన్న మర్యాద అనీ రెండర్థాలున్నాయి. ఆ వీధిని వివరించడానికి ఇంతకంటే సరిపోయిన మాట నాకు దొరకలేదు, ఎందుకంటే అక్కడ ఆ రెండూ నిజంగానే ఒకటే వస్తువు.

తాకట్టు దుకాణం ఈ ఏర్పాటులో రెండో మెట్టు. సోమవారం ఉదయం ఆదివారపు సూటు మూటకట్టి దుకాణంలో పెట్టి, కూలీ వచ్చాక శనివారం విడిపించి, ఆదివారం తొడుక్కుని, మళ్ళీ సోమవారం అక్కడికే చేర్చడం కొన్ని ఇళ్ళలో ఏళ్ళ తరబడి సాగిన చక్రం. 1872 నాటి చట్టం ప్రకారం ప్రతి 2 షిల్లింగుల అప్పుకు నెలకు అర పెన్నీ వడ్డీ, చిన్న అప్పులకు చీటీ రాసినందుకు మరో అర పెన్నీ. 2 షిల్లింగులంటే 24 పెన్నీలు గనుక, పైకి చూస్తే అది మన లెక్కలో నెలకు నూటికి రెండు రూపాయల పైచిలుకు వడ్డీ. మరీ ఘోరమేమీ కాదు. కానీ ఆరు రోజులకే విడిపించినా మొదటి నెల వడ్డీ పూర్తిగా చెల్లించాలి, ప్రతిసారీ కొత్త చీటీ రాయించాలి. అలా వారానికి ఒక పెన్నీ చొప్పున ఏడాదికి 52 పెన్నీలు, అంటే అసలుకు రెట్టింపు దాటి, అదే 2 షిల్లింగుల కోసం పోయేది. బీదవాడికి అప్పు ఎప్పుడూ ఖరీదైనదే. తాకట్టుకు వెళ్ళడం వీధికి తెలిస్తే పరపతి తగ్గుతుంది గనుక, మూటలను వెనక సందు గుండా పిల్లల చేత పంపేవారు, లేదా కొద్దిపాటి ముట్టజెబితే నాలుగిళ్ళ మూటలూ తానే మోసుకెళ్ళే ఆడమనిషి ఒకరు దొరికేది.

తాళం వేయని తలుపును ఇప్పుడు మళ్ళీ చూద్దాం. పక్కింటావిడ తట్టకుండా లోపలికి రావచ్చునంటే, ఆమెకు ఇంట్లో ఏముందో, ఏ వస్తువు ఈ వారం కనిపించడం లేదో, పొయ్యి మీద ఏమి ఉడుకుతోందో తెలుసునన్న మాట. ఆ తెలియడమే ఆపదలో ఆమె సాయానికి ఆధారం, ఆ తెలియడమే మరునాడు వీధిలో మాటకు మూలం. కుటుంబ జ్ఞాపకాలు చెప్పేవాళ్ళు తరచు మొదటిదాన్ని ప్రేమగా చెప్పి, మరో పూట వేరే సందర్భంలో “మా అమ్మ వీధి నోటికి జడిసి బతికింది” అని రెండోదాన్ని బాధగా చెబుతారు. వినేవారికి ఇది పొంతన లేని మాటగా తోస్తుంది. నా ఉద్దేశంలో ఇంతకంటే పొంతన ఉన్న సాక్ష్యం మరొకటి లేదు: సాయమూ నిఘా ఒకే తలుపు గుండా వచ్చేవి, ఒకదాన్ని రానిచ్చి రెండోదాన్ని ఆపే గడియ ఎవరి దగ్గరా లేదు.

మాట ఎంత దూరం పాకేదో చెప్పడానికి ఒక చిన్న సంగతి. నేత షెడ్డులో వందల మగ్గాల చప్పుడుకు పక్కనున్నవాళ్ళ మాట కూడా వినిపించదు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు పెదవులను సాగదీసి కదుపుతూ, సైగలు కలిపి మాట్లాడుకునేవారు. ఆ పద్ధతికి ‘మీ-మా’ అని పేరు. చెవుడు రాకముందే పెదవులు చదవడం వచ్చిన ఈ ఆడవాళ్ళు వీధి ఆ చివర నిలబడిన ఇద్దరి గుసగుసలను ఈ చివరి నుంచి పట్టేయగలిగేవారు. రహస్యం చెప్పుకోవాలంటే నోటికి చేయి అడ్డం పెట్టుకోవలసిన వీధి అది.

సోమవారం చాకిరీ గురించి అన్ని కుటుంబాలూ చెబుతాయి గనుక క్లుప్తంగా ముగిస్తాను. ఇటుక పొయ్యి మీది రాగి కాగులో నీళ్ళు కాచి, తొట్టిలో గుడ్డలను కర్రతో కుమ్మి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, చేతిమర రోలర్ల మధ్య పిండి, వెనక సందుకు అడ్డంగా గోడ నుంచి గోడకు కట్టిన తాళ్ళ మీద ఆరేసేవారు. అదే పూట బొగ్గు బండి సందులోకి వస్తే వీధి వీధంతా యుద్ధం. మధ్యాహ్నం భోజనం ఆదివారం మిగిలిన చల్లని మాంసం. ఈ పని కూడా వీధి కళ్ళ ముందే జరిగేదనీ, ఎవరి దుప్పట్లు ఎంత తెల్లగా ఉన్నాయో, ఎవరి తాడు మీద దుప్పటే లేదో అందరికీ కనిపించేదనీ మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

పురిటికీ చావుకూ కూడా వీధిలోనే మనిషి ఉండేది. 1900 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో సుమారు 150 మంది ఏడాది నిండకముందే పోయేవారు. మిల్లు పట్టణాల్లో పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. బిడ్డను చేతిలోకి తీసుకునే ఆవిడే చాలాచోట్ల శవానికి స్నానం చేయించి, పడుకోబెట్టి, కళ్ళ మీద పెన్నీలు పెట్టేది. ఎవరైనా పోతే వీధిలోని అన్ని కిటికీలకూ తెరలు దిగేవి. ఒకరు ఇంటింటికీ తిరిగి పూలదండకు డబ్బు పోగుచేసేవారు. ఊరి ఖర్చుతో, పేరు లేని గోతిలో పూడ్చిపెట్టడమంటే తరతరాలు తుడవలేని నామోషీ. తిండికి లేకపోయినా వారం వారం మనిషికొక పెన్నీ చొప్పున అంత్యక్రియల బీమా కట్టింది అందుకే. పుట్టిన నెలలోనే బిడ్డ పేరున ఆ పాలసీ తీసుకున్న తల్లి ఆ పెన్నీ ఏ లెక్కతో కట్టిందో ఆలోచిస్తే, “బీదవాళ్ళమని మాకు తెలియదు” అన్న మాటలోని ‘మాకు’ ఎవరో తెలుస్తుంది. అది పిల్లల మాట. తల్లికి ప్రతి పెన్నీకీ తెలుసు.

ఇలాంటి వీధి సాయానికి ఒక హద్దు ఉంది. కష్టం ఒక్కో ఇంటికి వంతులవారీగా వస్తేనే అది పనిచేస్తుంది. అన్ని ఇళ్ళకూ ఒకేసారి వస్తే ఎవరి దగ్గరా చేబదులు ఇవ్వడానికి ఏమీ మిగలదు. బోల్టన్ పక్కనే వెస్ట్‌హౌటన్ దగ్గర ప్రిటోరియా బొగ్గు గనిలో 1910 డిసెంబరు 21న జరిగిన పేలుడులో 344 మంది పురుషులూ కుర్రవాళ్ళూ చనిపోయారు. క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు ఒకే వరుసలో ఇంటి వెంట ఇంటికి తెరలు దిగినప్పుడు, దండకు డబ్బు పోగుచేసేవారు ఏ తలుపు తట్టాలి? ఆ కుటుంబాలను నిలబెట్టింది బయటి విరాళాలతో ఏర్పడిన నిధి.

1930ల నాటి మాంద్యం అదే దెబ్బను నెమ్మదిగా కొట్టింది. దీనికి మనకూ ఒక సంబంధం ఉంది. 1913లో లాంకషైర్ ఎగుమతి చేసిన దాదాపు 700 కోట్ల గజాల బట్టలో సుమారు 300 కోట్ల గజాలు భారతదేశానికే వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులూ, జపాను పోటీ, సుంకాలు, వాటికి తోడు తెలుగు ఊళ్ళలో కూడా కుప్పపోసి తగలబెట్టిన విదేశీ వస్త్రాల బహిష్కారం ఆ వ్యాపారాన్ని కూల్చాయి. 1931 సెప్టెంబరులో గాంధీ బోల్టన్‌కు ఉత్తరాన ఉన్న డార్వెన్ వెళ్ళి మిల్లు కార్మికులను కలిశారు. ఆయన చుట్టూ చేరి నవ్వుతున్న ఆడవాళ్ళ ఫోటో ప్రసిద్ధం. ఎక్కువ దెబ్బ తగిలింది భారతదేశానికి ముతక బట్ట అమ్మిన బ్లాక్‌బర్న్, డార్వెన్ వంటి ఊళ్ళకు. సన్నని నూలు తీసే బోల్టన్ వాటికంటే కొంత నయం. అయినా ఇక్కడి మిల్లులూ మూతపడ్డాయి.

అదే ఏడాది నిరుద్యోగ భృతిని కోశారు. పెద్దవాడికి వారానికి 17 షిల్లింగులున్నది 15 షిల్లింగుల 3 పెన్నీలైంది. భృతి మొదలై 26 వారాలు దాటినవారికి నవంబరు నుంచి ఇల్లంతటి ఆదాయాన్నీ లెక్కగట్టి ఇచ్చే ‘మీన్స్ టెస్ట్’ వచ్చింది. అధికారి ఇంట్లోకి వచ్చి కూతురి కూలీ ఎంత, కొడుకు తెచ్చేదెంత, తాత పింఛను ఎంత అని అడిగి, అంత మేరకు తండ్రి భృతిని తగ్గించేవాడు. తండ్రికి భారం కాకూడదని కొడుకు ఇల్లు విడిచి మరోచోట బసకు వెళ్ళిన సందర్భాలు ఎన్నో. కుటుంబ జ్ఞాపకాల్లో గొంతు మారే చోటు ఇదే. ఎందుకో ఇప్పుడు తేలిగ్గానే ఊహించవచ్చు: ఎవరి ఇంట్లో ఎవరు సంపాదిస్తున్నారో వీధికి తెలుసు, ఆ తెలియడం ఇన్నాళ్ళూ అప్పు పుట్టించింది, ఇప్పుడు అది కార్యాలయానికి ఆకాశరామన్న ఉత్తరంగా చేరగలదు. తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టుకోవడం ఎప్పుడు మొదలైందని అడిగితే కొన్ని ఇళ్ళలో వచ్చే జవాబు దొంగల గురించి ఉండదు. ఇల్లంతటినీ లెక్కగట్టే ఆ పద్ధతిని 1941లో తొలగించారు.

ఈ జ్ఞాపకాలను సరిచూడటానికి బోల్టన్‌కు ఒక అరుదైన సౌకర్యం ఉంది. 1937లో టామ్ హారిసన్, చార్లెస్ మాడ్జ్, హంఫ్రీ జెన్నింగ్స్ ప్రారంభించిన మాస్ అబ్జర్వేషన్ సంస్థ హారిసన్ ఆధ్వర్యంలో ఈ పట్టణాన్నే ఎంచుకుని, దీనికి ‘వర్క్‌టౌన్’ అని మారుపేరు పెట్టి, 1940 దాకా ఇక్కడి రోజువారీ జీవితాన్ని రాసిపెట్టింది. హంఫ్రీ స్పెండర్ కోటు కింద కెమెరా దాచుకుని వీధులనూ, ఆరేసిన బట్టలనూ, మద్యశాలలనూ ఫోటోలు తీశాడు. బయటి నుంచి, ఎక్కువగా చదువుకున్న వర్గాల నుంచి వచ్చిన ఈ పరిశీలకులకు తలుపు లోపల ఏముందో అంతగా అందలేదు. ఆ లోటు ఎత్తిచూపవలసిందే. కానీ కుటుంబాలు దాటవేసే ఒక విషయాన్ని వాళ్ళు పట్టుకున్నారు, అది తాగుడు. ఈ ఊళ్ళో 300కు పైగా మద్యశాలలు ఉన్నాయనీ, ‘వాల్ట్’, ‘ట్యాప్‌రూమ్’ అనే గదులు మగవాళ్ళకే కేటాయించినవనీ, ఆడవాళ్ళు కూడా కూర్చోగల మంచి గదిలో అదే బీరుకు ఒక పెన్నీ ఎక్కువనీ వాళ్ళు లెక్కగట్టారు. తాతగారి హాస్యం, తాతగారి ఫుట్‌బాల్ పిచ్చి మనుమల దాకా వచ్చాయి. శుక్రవారం సాయంత్రం కూలీ కవరు ఇంటికి చేరేలోపు ఎంత తగ్గిందన్నది రాలేదు. ఆ తగ్గుదలను పూడ్చింది పద్దు పుస్తకం, తాకట్టు చీటీ, కడిగిన మెట్టు.

జ్ఞాపకాలు ఎప్పుడు పలికాయన్నది కూడా వాటి రూపాన్ని నిర్ణయించింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత 1950ల నుంచి 1970ల దాకా పురపాలక సంఘాలు పాత వరుస ఇళ్ళను కూల్చి, శివార్లలో స్నానాల గదులున్న కొత్త ఇళ్ళిచ్చి జనాన్ని తరలించాయి. వెళ్ళినవాళ్ళు సంతోషంగానే వెళ్ళారు; పెరట్లో మేకుకు వేలాడే రేకు తొట్టిని ఎవరూ తలచుకుని ఏడవలేదు. పోయినదేమిటో తెలిసింది కొత్త ఇంట్లో జబ్బు చేసినప్పుడు. సరిగ్గా ఆ కూల్చివేతల కాలంలోనే మౌఖిక చరిత్ర సేకరణ ఒక ఉద్యమంగా మారింది. బ్రిటన్‌లో ఓరల్ హిస్టరీ సొసైటీ ఏర్పడింది 1973లో. టేపు రికార్డరు ముందు కూర్చున్న వృద్ధులు తమ వీధి గురించి మాట్లాడుతున్నప్పుడు కిటికీ అవతల ఆ వీధి లేదు. లేని వీధిలో నిఘా కూడా లేదు గనుక, సాయం మాత్రమే పెద్దదై కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కూల్చకుండా మిగిలిన డీన్ రోడ్డు, డర్బీ స్ట్రీట్ పరిసరాల వరుస ఇళ్ళలోకి 1960ల నుంచి గుజరాతీ కుటుంబాలు వచ్చాయి. వాళ్ళలో చాలామంది, ఇంగ్లీషువాళ్ళు వద్దన్న మిల్లు రాత్రి షిఫ్టుల్లో పనిచేశారు. వాళ్ళ పిల్లలు ఇప్పుడు చెప్పే వీధి జ్ఞాపకాల్లో కూడా తాళం వేయని తలుపు ఉంటుంది. డాంకీ రాయి ఉండదు. వాటిని చేసిన చివరి ఫ్యాక్టరీ ఆష్టన్-అండర్-లైన్‌లో 1979లో మూతపడింది.

సొంత కుటుంబం చెప్పిన మాటలను కాగితంతో సరిచూడాలనుకునేవారికి ఈ కాలం విషయంలో ఒక చిక్కు ఎదురవుతుంది. 1921 జనాభా లెక్కలు 2022లో బయటికి వచ్చాయి. 1931 లెక్కల కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. 1951 నాటివి నూరేళ్ళు నిండేదాకా తెరవరు. మధ్యలో మిగిలింది 1939 సెప్టెంబరు 29న గుర్తింపు కార్డుల కోసం ఇంటింటా రాసుకున్న జాతీయ రిజిస్టరు ఒక్కటే. అది వీధి వెంట వరుసగా రాసినది గనుక, ఒక పేజీ తెరిస్తే ఎడమ పక్క ఇల్లు, కుడి పక్క ఇల్లు, మూటలు మోసిన ఆవిడ, పురుడు పోసిన ఆవిడ ఇంటి నంబర్లతో సహా దొరుకుతారు. నెల ఖర్చును పెన్నీ పెన్నీగా నడిపి, పద్దూ తాకట్టూ బీమా లెక్కలన్నీ తలలో పెట్టుకున్న ఇల్లాలి వృత్తి ఎదుట మాత్రం పేజీ పొడుగునా ఒకటే మాట ఉంటుంది: జీతం లేని ఇంటిపనులు. ఆమె పేరు కింద, బతికి ఉండవచ్చునన్న అనుమానంతో నూరేళ్ళు నిండనివారి వివరాలను కప్పుతూ కొన్ని నల్లని పట్టీలు కనిపిస్తాయి. ఆ పట్టీల కింద ఉన్నది ఆ వీధిలో ఆడుకున్న పిల్లలు, అంటే ఇవాళ మనకు ఈ కథ చెబుతున్నవాళ్ళు.